కబాబు మీద వెన్న ఎప్పుడొచ్చింది?
పాత ఢిల్లీలో జామా మసీదు ఎదుటి మటియా మహల్ వీధిలో బొగ్గులపై కాల్చిన కోడిమాంసం మీద మసాలా కలిపిన పెరుగు, కరిగిన వెన్న ధారాళంగా పోసి ఇస్తారు. ఇది మొఘలుల రుచి అని చెప్పుకోవడం రివాజు. అక్బర్ ఆస్థానంలోని అబుల్ ఫజల్ రాసిన ‘ఐన్-ఇ-అక్బరీ’ చూస్తే అలా అనిపించదు: అందులో కబాబుకు 10 సేర్ల మాంసానికి అర సేరు నెయ్యి పడుతుంది. ఢిల్లీ ఎండల్లో వెన్న నిలవదు, నెయ్యి నిలుస్తుంది.

పంజాబీ ఇళ్లలో వెన్న ముందునుంచీ ఉందిగా అనవచ్చు. ఉంది, కానీ అది ఏ పూటకాపూట చిలికేది. దేశ విభజనలో పెషావర్ నుంచి వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్ వాళ్లు ఢిల్లీ దరియాగంజ్‌లో నడిపిన మోతీ మహల్ హోటల్ బటర్ చికెన్‌కు పేరు తెచ్చింది. దాన్ని కనిపెట్టిందెవరన్న తగువు 2024లో ఢిల్లీ హైకోర్టుకూ ఎక్కింది. ఆ తగువు కన్నా పాల సరఫరా కథే ముఖ్యమని నా అభిప్రాయం. 1959లో ఢిల్లీ పాల పథకం, 1974లో మదర్ డైరీ, పక్కనే అమూల్ ఉప్పువెన్న, ఫ్రిజ్‌లు వచ్చాకే వీధి బండివాడు కూడా వెన్నను లెక్కచూడకుండా కుమ్మరించగలిగాడు.