ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రౌటర్లలో ప్యాకేజీల అప్‌గ్రేడ్

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే రౌటర్ల కోసం లినక్స్ ఆధారంగా తయారైన ఆపరేటింగ్ సిస్టమ్. లింక్‌సిస్ కంపెనీ తన డబ్ల్యుఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్‌ను జీపీఎల్ లైసెన్సుకు కట్టుబడి 2003లో బయటపెట్టాక, దాని ఆధారంగా 2004లో ఈ ప్రాజెక్టు మొదలైంది. రౌటర్ కొన్నప్పుడు వచ్చే ఫర్మ్‌వేర్‌లో కంపెనీ పెట్టిన సదుపాయాలే ఉంటాయి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో మాత్రం వీపీఎన్, ప్రకటనల అడ్డగింపు, ట్రాఫిక్ లెక్కలు వంటివి కావలసినవాళ్లు ప్యాకేజీలుగా చేర్చుకోవచ్చు. ఈ పనికి చాలాకాలం ఓపీకేజీ అనే సాధనం ఉండేది. 2024 నవంబరులో, ఇంకా విడుదల కాని అభివృద్ధి కోడ్ ఆల్పైన్ లినక్స్ వాడే ఏపీకేకు మారింది; 2025 ఫిబ్రవరిలో వచ్చిన 24.10 విడుదల మాత్రం ఓపీకేజీతోనే కొనసాగింది. కంప్యూటర్‌లో లినక్స్ వాడే అలవాటున్నవాళ్లు ఇక్కడ కూడా ఉన్న ప్యాకేజీలన్నిటినీ ఒకే ఆదేశంతో అప్‌గ్రేడ్ చేయబోతారు. అది మంచి పద్ధతి కాదని ప్రాజెక్టు డాక్యుమెంటేషనే హెచ్చరిస్తుంది. రౌటర్‌ను తాజాగా ఉంచాలంటే విడి ప్యాకేజీలను కాదు, మొత్తం ఫర్మ్‌వేర్ ఇమేజ్‌ను మార్చాలి. సాధనం ఓపీకేజీ అయినా, ఏపీకే అయినా ఈ మాట మారదు, ఎందుకంటే చిక్కు సాధనంలో లేదు, రౌటర్ నిర్మాణంలో ఉంది.

చవక రౌటర్లలో ఫ్లాష్ మెమరీ 8 లేదా 16 ఎంబీ ఉండడం మామూలు. అందులో మూల వ్యవస్థ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే గట్టిగా కుదించిన, చదవడానికే తప్ప రాయడానికి వీలులేని ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది. వాడేవాళ్లు చేసే మార్పులన్నీ దాని మీద ఓవర్‌లే అనే మరో పొరలో పడతాయి. అచ్చయిన పుస్తకంలో తప్పు దొర్లిన చోట చీటీ అంటిస్తే కింది అక్షరాలు కనబడవు గానీ చెరిగిపోవు. ఇక్కడా అంతే. ఇమేజ్‌తో పాటే వచ్చిన ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేస్తే కొత్త ప్రతి ఓవర్‌లేలో చేరుతుంది. పాత ప్రతి కింద అలాగే ఉండి తన చోటు తను ఆక్రమిస్తూనే ఉంటుంది. పైగా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ పెద్ద పెద్ద బ్లాకులను కలిపి కుదిస్తుంది. చిన్న ఫ్లాష్‌లలో ఓవర్‌లేకు వాడే జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఫైల్ సిస్టమ్ చిన్న ముక్కలుగా కుదిస్తుంది కాబట్టి అదే ఫైలు పైపొరలో ఎక్కువ చోటు తింటుంది. సెట్టింగులు కూడా ఆ పొరలోనే ఉంటాయి. అప్‌గ్రేడ్ మధ్యలో అది నిండిపోతే ప్యాకేజీ సగంలో ఆగిపోవడమే కాదు, చిన్న సెట్టింగు మార్చి దాచుకోవడం కూడా కుదరదు.

చోటు సమస్య కన్నా లోతైనది కెర్నెల్ సంగతి. ఎక్కువ రౌటర్లలో కెర్నెల్ ఫ్లాష్‌లో తనకంటూ వేరే చోట ఉంటుంది. ప్యాకేజీ సాధనం దాన్ని మార్చలేదు. వైఫై డ్రైవర్ల వంటి కెర్నెల్ మాడ్యూళ్లు ఏ కెర్నెల్ కోసం తయారయ్యాయో కచ్చితంగా ఆ కెర్నెల్‌తోనే పనిచేస్తాయి. అందుకే ప్యాకేజీలన్నీ అప్‌గ్రేడ్ చేసినా కెర్నెల్‌లోని భద్రతా లోపం అలాగే మిగులుతుంది, పని పూర్తయిందన్న భ్రమ మాత్రం కలుగుతుంది. ఒక విడుదల నడుస్తున్న రౌటర్‌కు తర్వాతి విడుదల ప్యాకేజీలు ఎక్కించడం మరీ ప్రమాదం: లైబ్రరీలు ఒకదానితో ఒకటి పొసగక రౌటర్ పైకి లేవకుండా పోవచ్చు. అలా జరిగినా ఆశ వదులుకోనక్కరలేదు. ఫెయిల్‌సేఫ్ పద్ధతిలో బూట్ చేస్తే ఓవర్‌లేను పక్కనబెట్టి కింది పొరతోనే రౌటర్ లేస్తుంది. పైపొరను తుడిచేస్తే మొదటి స్థితికి వస్తుంది. అప్‌గ్రేడ్‌ను భారం చేసిన ఆ రెండు పొరల ఏర్పాటే ఇక్కడ ఆదుకుంటుంది.

విడి ప్యాకేజీలను ముట్టుకోకూడదంటే భద్రతా లోపాలతో కాలక్షేపం చేయాలా అన్నది న్యాయమైన ప్రశ్న. అప్‌డేట్ చేయకపోవడం అన్నిటికన్నా చెడ్డదని 2018 చూపించింది. మైక్రోటిక్ రౌటర్లలోని ఒక లోపానికి ఆ ఏడాది ఏప్రిల్‌లోనే సవరణ వచ్చినా, దాన్ని ఎక్కించుకోని లక్షకు పైగా రౌటర్లు నెలల తర్వాత క్రిప్టో మైనింగ్ ముఠాల చేతిలో పడ్డాయి. కాబట్టి నియమానికి ఒక మినహాయింపు ఉండాలి, ఉంది కూడా. 2021 జనవరిలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వాడే డీఎన్ఎస్‌మాస్క్ ప్రోగ్రాంలో డీఎన్ఎస్‌పూక్ అని పేరుపడ్డ ఏడు లోపాలు బయటపడ్డాయి. ఇలాంటప్పుడు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ భద్రతా ప్రకటనలు లోపమున్న ఆ ఒక్క ప్యాకేజీని అప్‌గ్రేడ్ చేసే ఆదేశాన్ని ఇస్తాయి. కెర్నెల్‌తో ముడిపడని ఒక ప్రోగ్రాంను, చోటుందో లేదో చూసుకుని, అదే విడుదల భాండాగారం నుంచి తెచ్చుకోవడం సబబే. అన్నిటినీ మూకుమ్మడిగా మార్చడం వేరే సంగతి.

మొత్తం ఇమేజ్‌ను మార్చే పద్ధతి సిస్‌అప్‌గ్రేడ్. ఇది సెట్టింగులను నిలుపుతుంది గానీ మనం చేర్చుకున్న ప్యాకేజీలను నిలపదు. అందుకే చాలామంది దానికి జంకుతారు. ఆ జంకు తీర్చడానికి వచ్చింది అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్: రౌటర్‌లో ఉన్న ప్యాకేజీల జాబితాను సర్వర్‌కు పంపితే, అవన్నీ కలిపిన ఇమేజ్‌ను అది తయారుచేసి ఇస్తుంది. అప్పుడు ప్యాకేజీలన్నీ కింది పొరలోకి, గట్టిగా కుదించిన చోటికి చేరతాయి కాబట్టి ఓవర్‌లేలో చోటు ఖాళీ అవుతుంది. ఎవరి సర్వర్‌లోనో తయారైన ఇమేజ్‌ను ఎలా నమ్మడం అని అడగవచ్చు, ఆ అనుమానానికి ఆధారం కూడా ఉంది. 2024 డిసెంబరులో ఒక పరిశోధకుడు ఆ సర్వర్‌లో ఆదేశాలు చొప్పించే లోపాన్ని, హాష్‌ను 12 అక్షరాలకే కుదించడం వల్ల వచ్చిన బలహీనతను కలిపి, ఒకరికి వెళ్లవలసిన ఇమేజ్ చోట మరొకటి పెట్టవచ్చని చూపించాడు. ప్రాజెక్టు కొన్ని గంటల్లోనే సరిదిద్దింది. అయితే ప్యాకేజీల దారి కూడా మచ్చలేనిది కాదు. 2017 ఫిబ్రవరిలో ఓపీకేజీలో చొరబడ్డ ఒక తప్పు వల్ల దిగుమతైన ప్యాకేజీల చెక్‌సమ్ పరీక్ష జరగకుండానే పోయేది. అది 2020 జనవరి దాకా సరికాలేదు. సర్వర్ మీద నమ్మకం లేనివాళ్లు ఇమేజ్ బిల్డర్ అనే సాధనంతో సొంత కంప్యూటర్‌లోనే ఇమేజ్ తయారు చేసుకోవచ్చు.

విడి ప్యాకేజీలను అప్‌గ్రేడ్ చేయకూడదన్న వాదనకు గట్టి ఎదురుదెబ్బ చెక్ దేశం నుంచి వస్తుంది. అక్కడి సీజడ్.నిక్ సంస్థ తయారుచేసిన టరిస్ ఆమ్నియా రౌటర్ ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఆధారంగానే నడుస్తూ, ప్యాకేజీలను తనంతట తానే అప్‌డేట్ చేసుకుంటుంది. అయితే దానిలో నిల్వ 8 జీబీ, ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్. అప్‌డేట్ బెడిసికొడితే ముందు తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లవచ్చు. అంటే ప్యాకేజీల పద్ధతికి కావలసింది చోటు, సెట్టింగులు పోకుండా వెనక్కి మళ్లే దారి. 16 ఎంబీ రౌటర్‌కు ఆ రెండూ లేవు కాబట్టే నియమం దానికి వర్తిస్తుంది.

అప్‌గ్రేడ్ చేయదగిన ప్యాకేజీల జాబితా ఖాళీగా కనబడడాన్ని కూడా సరిగా అర్థం చేసుకోవాలి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 22.03 విడుదలకు మద్దతు 2024లో ఆగింది. ఆ విడుదల మీద ఉన్న రౌటర్‌లో జాబితా ఖాళీగా ఉంటే లోపాలు లేవని అర్థం కాదు, సవరణలు రావడం మానేశాయని అర్థం. అక్కడ ప్యాకేజీ ఆదేశం ఎన్నిసార్లు ఇచ్చినా ఫలితం ఉండదు. మద్దతు ఉన్న విడుదల ఇమేజ్‌కు మారవలసిందే.