దేవతల దీవిలో పురిటి మైల

హిరోషిమా దగ్గరి రేవు నుంచి మియాజిమా దీవికి పడవలో పది నిమిషాలే. పడవలో అందరూ సముద్రంలో నిలబడ్డ ఎర్రటి తోరీని ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం వెనక్కి, వదిలి వచ్చిన ఒడ్డుకేసి చూస్తున్నాను. ఒకప్పుడు ఈ దీవి బాలింతలు వెళ్ళాల్సి వచ్చింది అటే.

ఇత్సుకుషిమా ఆలయంలో కొలువున్నది ముగ్గురు దేవతలు, అక్కచెల్లెళ్ళు. వారిలో ఇచికిషిమాను బౌద్ధుల బెంజాయితెన్‌గా, అంటే మన సరస్వతిగా కూడా కొలిచారు. 1868లో ప్రభుత్వం షింటోను బౌద్ధం నుంచి విడదీశాక ఆ విగ్రహం పక్కనున్న దైగన్‌జీకి చేరింది.

12వ శతాబ్దంలో ఈ ఆలయాన్ని వైభవంగా కట్టించినవాడు తైరా నో కియొమొరి. చక్రవర్తికిచ్చి పెళ్ళి చేసిన తన కూతురు తొకుకోకు మగబిడ్డ పుట్టాలని ఈ దేవతకే మొక్కుకున్నాడని హేకే గాథ చెబుతుంది. 1178లో మనవడు పుట్టాడు. 1185లో దాన్-నో-ఉరా యుద్ధంలో ఆ బాల చక్రవర్తి సముద్రంలో మునిగిపోయాడు. తొకుకో సన్యాసినిగా మిగిలింది.

తర్వాతి కాలంలో దీవి మీద ఊరు వెలిసింది. దీవే దైవం గనుక ఇక్కడ చావూ పుట్టుకా కూడదన్నారు. పురుడొస్తే తల్లీబిడ్డలు ఎదుటి ఒడ్డుకు వెళ్ళాలి, వంద రోజులకు గానీ తిరిగి రాకూడదు. వారసుడి కోసం మొక్కులందుకున్న దేవత ఊళ్ళోనే మామూలు ఆడవాళ్ళ కాన్పు మైల అయింది. ముట్టు రోజుల్లో అమ్మమ్మగారింటి పెరటి వసారాలో చాప మీద కూర్చున్న నాకు ఈ తర్కం కొత్తేమీ కాదు.

పురిటి మైలను పాటించనక్కరలేదని ప్రభుత్వం 1872లో ప్రకటించింది. అనాదిగా ఉందనిపించే ఈ తోరీ అంతకంటే చిన్నది, 1875 నాటిది. పదహారు మీటర్లకు పైగా ఎత్తున్న ఈ తోరీ కర్పూరచెట్టు కలప స్తంభాలను నేలలో పాతలేదు. పై దూలంలో రాళ్ళు నింపి, ఆ బరువుతోనే నిలబెట్టారు. పాతది కూలినప్పుడల్లా కొత్తది కట్టారు. దీన్ని కూడా 2019 నుంచి 2022 దాకా మరమ్మతు చేశారు. సనాతనమని మనం మొక్కేదాన్ని మనుషులే ఎప్పటికప్పుడు నిలబెడుతుంటారు. మైలనూ అలాగే నిలబెట్టారు.

ఆటు వేళ నీళ్ళు తీసిపోగానే బురదలో నడిచి స్తంభం దాకా వెళ్ళాను. కట్టించిన వాళ్ళ పేర్లు, తేదీలు చరిత్రలో ఉన్నాయి. పచ్చి ఒంటితో, చంటిబిడ్డతో ఈ నీళ్ళు దాటిన వాళ్ళవి, వాళ్ళకు తోడుగా పడవెక్కిన వాళ్ళవి ఏ శాసనంలో వెతకాలి?

తిరుగు పడవలో నా పక్కన ఒకామె ఒళ్ళో పసిబిడ్డ నిద్రపోతోంది. పది నిమిషాల్లో ఒడ్డు వచ్చేసింది.