పిల్లల ఫుట్‌బాల్ శిక్షణ: సరోజినీ నగర్ తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

దక్షిణ ఢిల్లీలోని సరోజినీ నగర్ అనగానే చాలామందికి బట్టల బజారు గుర్తుకు వస్తుంది. హైదరాబాదులో 1879లో జన్మించిన సరోజినీ నాయుడు పేరు పెట్టుకున్న ఈ కాలనీ ప్రధానంగా కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాస ప్రాంతం. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఏడు కాలనీల పునర్నిర్మాణ పథకంలో ఇదీ ఒకటి. పాత క్వార్టర్ల స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. క్వార్టర్ల నడుమ ఖాళీ జాగాలో సాగిన సాయంకాలపు ఆట క్రమంగా రుసుము చెల్లించే మైదానాలకు తరలుతున్నది. అందువల్ల ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాలకు పిల్లల ఫుట్‌బాల్ శిక్షణ ఏ విధంగా నడుస్తుందో తెలియడం అవసరం. పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో మంచి శిక్షణను గుర్తించడానికి ఒక కొలమానం చాలు. వచ్చిన ప్రతి బిడ్డకూ బంతితో ఆడే సమయం దక్కుతున్నదా అన్నదే అది.

నిర్వాహకులు ఎవరు?

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే మార్గాలు స్థూలంగా నాలుగు: పాఠశాల జట్టు, ప్రైవేటు అకాడమీ, క్లబ్బు, కాలనీవాసులు కలిసి నడుపుకొనే బృందం. దేశంలో ఈ ఆటకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, రాజధానిలో దానికి అనుబంధంగా ఉన్న ఫుట్‌బాల్ ఢిల్లీ బాధ్యత వహిస్తాయి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం సమాఖ్య ప్రవేశపెట్టిన బేబీ లీగులలో బాలురు, బాలికలు కలిసి ఆడతారు. ఈ లీగును క్లబ్బులే నడపాలన్న నియమం లేదు. పాఠశాలలు, తల్లిదండ్రులు కూడా నిర్వాహకులు కావచ్చు. నాలుగు కుటుంబాలు పూనుకుంటే కాలనీలోనే ఒక లీగుకు నాంది పలకవచ్చునన్న మాట.

వయసును బట్టి ఆట

చిన్నపిల్లల ఆట పెద్దల ఆటకు నకలు కాదు. పెద్దల గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. ఎనిమిదేళ్ల గోల్‌కీపర్‌ను అంత గోలు ముందు నిలబెట్టడం వల్ల ఆ బిడ్డ నేర్చుకునేది ఏమీ ఉండదు. అందుకే మైదానాన్ని, గోలును, జట్టును కుదిస్తారు. పసివారికి జట్టుకు నలుగురు లేదా ఐదుగురు, కొంచెం ఎదిగిన వారికి ఏడుగురు, ఆ తరువాత తొమ్మిదిమంది, కౌమారంలో పదకొండుమంది ఉండటం సాధారణ పద్ధతి. జట్టు చిన్నదైతే బంతి ప్రతి బిడ్డ కాలికీ తరచుగా అందుతుంది. బంతి పరిమాణం కూడా మారుతుంది. ఎనిమిదేళ్లలోపు వారికి మూడవ నంబరు, పన్నెండేళ్ల వరకు నాలుగవ నంబరు, ఆపైన ఐదవ నంబరు బంతి వాడతారు. పసివారు పదకొండుమంది జట్టుగా పెద్ద మైదానంలో ఆడుతూ కనిపిస్తే, ఎందుకని శిక్షకుణ్ణి అడగాలి.

తలతో బంతిని కొట్టడంపై కూడా జాగ్రత్త పెరిగింది. పదేళ్లు, అంతకన్న తక్కువ వయసువారికి అమెరికా సమాఖ్య 2015లోనే దీనిని నిషేధించింది. ఇంగ్లండులో 2020 నుంచి ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణలో దీనిని తొలగించారు.

నమోదు, వయసు ధ్రువీకరణ

సమాఖ్య పోటీలలో ఆడే క్రీడాకారులు కేంద్రీయ నమోదు విధానంలో క్లబ్బు ద్వారా నమోదు కావాలి. క్లబ్బు మారదలచినప్పుడు బదిలీ కూడా ఆ విధానం ద్వారానే జరుగుతుంది. కనుక సంతకం చేసే ముందు పత్రంలోని గడువు, బదిలీ నిబంధనలు చదవడం మంచిది.

జనన ధ్రువపత్రంలోని తేదీనే అన్నిచోట్లా ఇవ్వాలి. కింది వయోవర్గంలో ఆడించడానికి వయసు తగ్గించి చూపడం మన క్రీడారంగాన్ని చిరకాలంగా పీడిస్తున్న రుగ్మత. దీనిని అరికట్టేందుకు మణికట్టు, చేతి ఎముకల ఎదుగుదలను పరీక్షించే పద్ధతి అమలులో ఉన్నది. ఒక బిడ్డ వయసు తప్పుగా నమోదైతే, సరైన వయసుతో వచ్చిన మరో బిడ్డకు దక్కవలసిన చోటు పోతుంది.

రుసుము, సరంజామా

నెలసరి రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో లిఖితపూర్వకంగా తీసుకోవాలి. నమోదు, దుస్తులు, పోటీల ప్రవేశం, ప్రయాణం, ప్రమాద బీమా విడిగా ఉంటే అసలు ఖర్చు పెరుగుతుంది. వానకు, కాలుష్యానికి రద్దయిన తరగతులను ఎలా సర్దుబాటు చేస్తారో కూడా అడగాలి. ఆరంభంలో ఖరీదైన బూట్లు అక్కరలేదు. పాదానికి సరిగ్గా సరిపోయే బూట్లు, మోకాలి కింద ఎముకను కాపాడే షిన్ గార్డులు, మంచినీళ్ల సీసా చాలు.

శిక్షకుడు, భద్రత

శిక్షకునికి సమాఖ్య డి లైసెన్సు గానీ, ఆసియా సమాఖ్య సి, బి, ఎ స్థాయి లైసెన్సు గానీ ఉన్నదేమో అడగడం తల్లిదండ్రుల హక్కు. లైసెన్సుతో పాటు ప్రవర్తన కూడా చూడాలి. ఒక సాయంత్రం గీత బయట నిలబడి గమనిస్తే చాలు. పిల్లలు వరుసలో నిలబడి వంతు కోసం చూసే సమయం ఎక్కువా, ఆడే సమయం ఎక్కువా అన్నది తెలిసిపోతుంది.

ప్రథమ చికిత్స పెట్టె, అత్యవసర ఫోన్ నంబర్ల జాబితా మైదానంలో ఉండాలి. దుస్తులు మార్చుకునే చోట, ప్రయాణాలలో పెద్దలు ఎవరూ ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉండరాదన్న నియమం పాటించాలి. లైంగిక వేధింపుల నుంచి బాలలను రక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. నేరం జరిగినట్టు తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం ఆ చట్టం ప్రకారం తప్పనిసరి. 1098 బాలల సహాయవాణి నంబరు.

ఎండ, కాలుష్యం

ఢిల్లీలో శిక్షణ వేళలను వాతావరణమే నిర్ణయిస్తుంది. మే, జూన్ నెలలలో ఉదయం పూట లేదా పొద్దు వాలిన తరువాత ఆడించాలి. శీతకాలంలో వాయు నాణ్యత సూచీ 301 దాటితే అతి హీనం, 401 దాటితే తీవ్రం అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరిస్తుంది. ఏ స్థాయిలో ఆట ఆపుతారో నిర్వాహకులు ముందుగానే ప్రకటించాలి. ఉబ్బసం ఉన్న పిల్లల విషయం చేరిక పత్రంలోనే రాయాలి. వారి ఇన్‌హేలరు శిక్షకునికి అందుబాటులో ఉండాలి.

గీత బయట పెద్దల పాత్ర

ఆట జరుగుతుండగా తండ్రి ఒక మాట, శిక్షకుడు ఒక మాట అరిస్తే బిడ్డ ఎటు పరుగెత్తాలో తోచక నిలిచిపోతాడు. రిఫరీ నిర్ణయాలపై గొడవకు దిగడం పిల్లలకు పాఠమవుతుంది. ఎన్ని గోల్స్ కొట్టావని అడిగేకన్న, ఆట బాగుందా అని అడగడం మేలు. తిరుగు దారిలో వాళ్లు మాట్లాడకపోతే వదిలేయాలి. బిడ్డకు ఆడే సమయం దక్కడం లేదనిపిస్తే, మైదానంలో అందరి ముందు కాక, మరునాడు శిక్షకునితో విడిగా మాట్లాడాలి.

పన్నెండేళ్ల తరువాత

ఆటలో కొనసాగదలచిన వారికి వయోవర్గాల లీగులు, 1960లో మొదలైన సుబ్రతో ముఖర్జీ కప్ పాఠశాలల టోర్నీ వంటి మెట్లు ఉన్నాయి. 2017లో అండర్-17 ప్రపంచకప్ పోటీలో జీక్సన్ సింగ్ కొలంబియాపై గోలు కొట్టింది ఈ నగరంలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే. ఫిఫా టోర్నీలో భారతదేశానికి అదే తొలి గోలు.

తెలుగువారికి ఈ ఆట కొత్త కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచిన భారత జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన, కుర్రవాళ్లు బలహీనమైన పాదంతోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. తప్పులు చేస్తూ నేర్చుకునే వ్యవధి వారికి ఆ విధంగా లభించింది. తమ పిల్లలకు అటువంటి వ్యవధి ఎక్కడ లభిస్తుందో చూసి, తల్లిదండ్రులు వారిని అక్కడ చేర్పించాలి.