కనీస వేతనము – సామాజిక రక్షణ: పరకాల ప్రాంత చరిత్ర

నిజాము ప్రభుత్వకాలమున పరకాల పరిసరగ్రామములలో కష్టమునకు వెల యనునది చట్టముచేత గాక, అప్పుచేతను దొరల గడీచేతను నిర్ణయింపబడుచుండెను. వెట్టిచాకిరియందు వృత్తులవారు తమ సరకును సేవను ఊరకయే సమర్పింపవలసివచ్చెడిది. భగేలా పద్ధతిలోనన్ననో, తండ్రి చేసిన అప్పునకు కొడుకు జీతగాడై, కొలిచి యిచ్చిన గింజలతో పొట్ట పోసికొనుచు, అసలెన్నడు తీరునో యెరుగక బ్రదుకు నీడ్చెడివాడు. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములను నియంత్రించుచు శాసనము చేసినను, జీతగానికి వేరొక బ్రదుకుదెరువు చూపకపోవుటచే అది చాలవరకు కాగితముననే నిలిచెను. జాతీయపతాకము నెత్తబోయిన జనముపై 1947 సెప్టెంబరు 2న పరకాలలో కాల్పులు జరిగిన నాటికిని ఈ దురవస్థ సమసిపోలేదు.

కనీస వేతనముల చట్టము వెలువడిన 1948 మార్చినాటికి హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరలేదు. తరువాత ఆ చట్టమిచ్చటికి వచ్చినను, రేపటి పనికి పిలువవలసిన ఆసామిపైననే నేడు ఫిర్యాదు చేయుమనుట కూలికి సాధ్యమగు పని కాదు. 1976లో వెట్టిని నిషేధించిన కేంద్ర చట్టమును, 1983లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున మొదలైన కిలో రెండు రూపాయల బియ్యమును కొంత ఊతమిచ్చెను.

కూలికి "ఈ ధరకు రాను" అనగల ధైర్యము నిచ్చినది ఉపాధి హామీ చట్టమే యనుట నిస్సంశయము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన ఈ పథకపు తొలివిడత 200 జిల్లాలలో పరకాల చేరియున్న వరంగల్లు నొకటి. కుటుంబమునకు ఏటా 100 దినముల పనికి ఆ చట్టము హామీ యిచ్చెను. పల్లెవాసులు దీనిని కరువుపని యందురు. ఎండాకాలమున చెరువు పూడిక తీయునపుడు మస్టరులో పేరుండినంతనే పూర్తి కూలి రాదు. త్రవ్విన గుంటను టేపుతో కొలిచి లెక్కగట్టుదురు గనుక, గట్టినేల పాలబడిన జట్టునకు ప్రకటిత వేతనము చేతికందదు.

అంతకంటె గొప్ప లోపము చట్టముననే యుండెను. కరువు సహాయక పనులకును కనీస వేతన మీయవలయునని రాజస్థాన్ కూలీల వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1983లోనే తీర్పు చెప్పియుండగా, ఉపాధి చట్టపు 6వ సెక్షను, కనీస వేతన చట్టముతో నిమిత్తము లేక కూలి నిర్ణయించు అధికారమును కేంద్రమునకిచ్చెను. 2009 జనవరి 1న కేంద్రము ఆ అధికారమును వినియోగింపగా, అదే యేట ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ప్రకటనను నిలిపివేసెను. కూలికి అడుగుమట్టము కావలసిన ప్రభుత్వమే అంతకు దిగువను చెల్లింపజూచుట అన్యాయము.

తెలంగాణ రాష్ట్రము 2014లో ఆసరా పింఛనులను ప్రవేశపెట్టి, నెలకు 1000 రూపాయలుగా నున్న మొత్తమును 2019లో 2016కు పెంచెను. వృద్ధులతోబాటు, 2015నుండి బీడీలు చుట్టు స్త్రీలకును ఈ భృతి లభించుచున్నది. పనిచేయుచున్న స్త్రీకే ఖజానానుండి భృతి యీయవలసివచ్చుట, వేయి బీడీలకు కట్టిన కూలి యామె సంసారమునకు చాలదని ప్రభుత్వమే యంగీకరించుట.