పేషెంటు తాలూకు

మా తమ్ముడు మనోవ్యాధికిచ్చిన గోలీ మింగాక అమ్మ వాడి ఎదుట కూర్చుని "నాలుక లేపు బిడ్డా" అనేది. కింద గోలీ దాచలేదని చూసుకుని, ఇంకో గుక్కెడు నీళ్లు తాగించి, అప్పుడు తాను అన్నం ముందు కూర్చునేది. 1998లో మొదలైన ఈ పని రోజుకు రెండుసార్లు చొప్పున పద్నాలుగేళ్లు సాగింది.

మనోవ్యాధుల చరిత్రను మనం ఆసుపత్రుల చరిత్రగానే చదివాం. అమ్మ వైపు నుంచి చూస్తే అది గేటు బయట నిలబడ్డవాళ్ల చరిత్ర. విశాఖ చినవాల్తేరులో 1871లోనే మనోరోగులకు శరణాలయం వెలిసింది. 1912 నాటి చట్టం ప్రకారం అలాంటిచోట చేర్చాలంటే సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంటివాళ్లు అర్జీ పెట్టి, మనిషిని అప్పగించి వెనుదిరిగేవారు. అన్నం కలిపి పెట్టే చేతులకు లోపల పని లేదు.

ఆ గేటు తీసినవారు డాక్టర్ విద్యాసాగర్. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్లనూ ఉంచుకున్నారు. జబ్బేమిటో, మందు ఎందుకో కళ్లారా చూసిన కుటుంబాలు తమ మనిషిని తామే ఇంటికి తీసుకుపోయాయి. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల తెరిచిన మానసిక వైద్య కేంద్రంలోనూ బంధువు తోడుండడం వైద్యంలో భాగమైంది. వార్డులో నర్సు "పేషెంటు తాలూకు ఎవరమ్మా?" అని పిలుస్తుందే, ఆ తాలూకు మనిషికి మనోవైద్యంలో చోటు దొరికింది అలాగే.

తర్వాత వైద్యమే ఊళ్లవైపు నడిచింది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆ దశకంలోనే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మన పొరుగున బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మా మెదక్ ఒకటి.

అప్పటిదాకా మా ఊళ్లో ఈ జబ్బుకు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఒక్కటే దారి. ఎర్రగడ్డ అన్న పేరే పిల్లల నోట తిట్టయింది. జిల్లాలోనే మందులు దొరికాక అమ్మ పొద్దున బస్సెక్కి, పొద్దుగూకేలోపు ఇల్లు చేరేది. ఇంటికొచ్చిన చుట్టాలు "పిలగాడు ఎట్లున్నడు?" అని అడిగేవారు. "నువ్వెట్లున్నవ్?" అని అడిగినవారు లేరు. నేనూ అడగలేదు. అమ్మకు బీపీ ఉందన్న సంగతి 2012లో పక్షవాతంతో పడిపోయాకే తెలిసింది. మళ్లీ లేవలేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, రోగి కుటుంబానికి అండగా ఉండే సేవలనూ ప్రభుత్వం సమకూర్చాలంటోంది. ఆ మాట చట్టంలోకి ఎక్కేసరికి అమ్మ పోయి ఐదేళ్లయింది. ఇప్పుడు తమ్ముడి తాలూకు నేను. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు రోగులే కాదు, వాళ్లను చూసుకునేవాళ్లూ ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ వీధిలో ఇలాంటి ఇల్లుంటే ఒక్క పూట ఆ మనిషి దగ్గర మీరు కూర్చోండి. వాళ్లమ్మను వెళ్లి బీపీ చూపించుకుని రమ్మనండి.