అధినేత అనారోగ్యం, ప్రజాస్పందన: స్టీవ్ జాబ్స్ ఉదంతం (2004–2011)

సారాంశం

పేరున్న కంపెనీ అధినేతకు తీవ్రమైన జబ్బు చేసినప్పుడు జనంలో పుట్టే కలకలాన్ని కేవలం కుతూహలంగా కొట్టిపారేయడం పరిపాటి. యాపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ అనారోగ్యం బయటపడిన 2004 నుంచి ఆయన మరణించిన 2011 వరకు మదుపరులు, అభిమానులు, రోగులు, పత్రికలు స్పందించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వదంతులు బలపడటానికి జనం కుతూహలం కన్నా కంపెనీ ఇచ్చిన అరకొర సమాధానాలే ఎక్కువ కారణమనీ, పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో స్పష్టమైన కొద్దీ స్పందన నిలకడకు వచ్చిందనీ ప్రతిపాదిస్తుంది. జబ్బు వివరాలు రోగి సొంతం; పదవీ బాధ్యతలు ఎవరు నిర్వహిస్తున్నారన్నది మాత్రం వాటాదారులకు తెలియాల్సిన విషయం.

కీలక పదాలు: అధినేత అనారోగ్యం, గోప్యత, వాటాదారుల హక్కు, వదంతి, నాయకత్వ వారసత్వం, అవయవదానం

1. ప్రవేశిక

ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే అయినవాళ్లు పలకరించడానికి వస్తారు. ఆ మనిషి ఒక పెద్ద కంపెనీ అధిపతి అయితే ఆరా తీసేవారు లక్షల్లో ఉంటారు. అందరి అవసరమూ ఒకటి కాదు. షేర్లు కొన్నవారికి తమ సొమ్ము గురించి భయం. ఉద్యోగులకు రేపు ఎవరి మాట వినాలన్న సందేహం. ఆ కంపెనీ వస్తువులను ప్రేమగా వాడేవారికి తమకు ఇష్టమైన మనిషి క్షేమం ముఖ్యం. అదే జబ్బుతో పోరాడుతున్నవారు ఆయన కోలుకోవడంలో తమ ఆశను వెతుక్కుంటారు. వీరందరినీ ‘ప్రజలు’ అని ఒకే గాటన కడితే స్పందనలోని తేడాలు కనబడవు.

ఈ పరిశీలనకు జాబ్స్ ఉదంతం తగినది. 1976లో యాపిల్‌ను స్థాపించినవారిలో ఒకరైన ఆయన 1985లో కంపెనీని వీడి, 1997లో తిరిగొచ్చారు. దివాలా అంచున ఉన్న కంపెనీ ఆయన హయాంలోనే 2001లో ఐపాడ్‌ను, 2007లో ఐఫోన్‌ను తెచ్చింది. కొత్త వస్తువు ఏది వచ్చినా ఆయనే వేదికెక్కి చూపించేవారు. నల్ల చొక్కా, నీలం జీన్స్, ఎప్పుడూ అదే వేషం. బట్టలు మారకపోవడంతో ఏటికేడాది ఒంట్లో వచ్చిన మార్పు సామాన్యుడి కంటికి కూడా ఇట్టే తెలిసిపోయేది. యాపిల్ పేరుకూ ఈ మనిషి రూపానికీ అంత దగ్గర సంబంధం ఏర్పడింది కాబట్టే ఆయన బరువు తగ్గడం వ్యాపార వార్త అయింది.

2. తొలి ప్రకటన, తొలి నమ్మకం

2003 అక్టోబరులో జాబ్స్‌కు క్లోమంలో కణితి ఉన్నట్టు తేలింది. 2004 జులై 31న శస్త్రచికిత్స జరిగింది. మర్నాడే ఆస్పత్రి పడక మీద నుంచి ఉద్యోగులకు ఆయన లేఖ రాశారు. తనకు వచ్చింది క్లోమ క్యాన్సర్లలో సుమారు 1 శాతం మాత్రమే ఉండే అరుదైన రకమనీ, సకాలంలో గుర్తిస్తే శస్త్రచికిత్సతో నయమవుతుందనీ, సెప్టెంబరులో తిరిగి పనిలోకి వస్తాననీ, అంతవరకు రోజువారీ వ్యవహారాలు టిమ్ కుక్ చూస్తారనీ అందులో ఉంది. జబ్బు పేరు, తిరిగొచ్చే గడువు, బాధ్యత తీసుకునే మనిషి: మూడూ చెప్పిన ప్రకటన అది. జనం దాన్ని నమ్మారు. 2005 జూన్ 12న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో మృత్యువును దగ్గరగా చూసిన అనుభవాన్ని ఆయన పంచుకున్నప్పుడు ఆ నమ్మకం ఆరాధనగా మారింది. ఆ ప్రసంగాన్ని తమ పరీక్షా కాలంలో తోడు తెచ్చుకున్న విద్యార్థులూ రోగులూ ఎందరో.

అయితే ఆ లేఖలో ఒక సంగతి లేదు. జబ్బు బయటపడిన తరువాత తొమ్మిది నెలలపాటు ఆయన శస్త్రచికిత్సను వాయిదా వేసి, ఆహార నియమాలతో, ఇతర పద్ధతులతో నయం చేసుకోవాలని చూశారు. ఈ విషయం 2008 మార్చిలో ఫార్చ్యూన్ పత్రిక కథనంతో లోకానికి తెలిసింది. డైరెక్టర్లలో కొందరికి ముందే తెలిసినా వాటాదారులకు చెప్పలేదన్నది ఆ కథనంలోని ముఖ్యాంశం. అప్పటిదాకా ఆయన ఆరోగ్యం గురించి దిగులుపడినవారు ఇక కంపెనీ మాటను కూడా శంకించడం మొదలుపెట్టారు.

3. వదంతుల కాలం: 2008 జూన్ – 2009 జనవరి

2008 జూన్ 9న కొత్త ఐఫోన్‌ను చూపించడానికి వేదిక మీదికి వచ్చిన జాబ్స్ బాగా చిక్కిపోయి ఉన్నారు. సాధారణ ఇన్ఫెక్షన్ సోకిందని కంపెనీ సర్దిచెప్పింది. జులైలో ఆర్థిక ఫలితాల సమావేశంలో ఈ ప్రశ్న మళ్లీ ఎదురైనప్పుడు, అది ఆయన వ్యక్తిగత విషయమని జవాబిచ్చింది. నిజానికి ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగవు. వ్యక్తిగతమని మొదటి నుంచీ మౌనంగా ఉంటే అది ఒక పద్ధతి. ఒకసారి జబ్బు పేరు చెప్పి, మరోసారి అడగవద్దంటే మొదటి మాట విలువ కూడా పోతుంది.

ఆ జులై 25న, ‘చివరి ఉపన్యాసం’తో ప్రసిద్ధుడైన కంప్యూటర్ శాస్త్ర ఆచార్యుడు రాండీ పాష్ క్లోమ క్యాన్సర్‌తో మరణించారు. ఆయనది ఎక్కువగా కనిపించే, వేగంగా ముదిరే రకం. జాబ్స్‌ది హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టి, సాధారణంగా నెమ్మదిగా పెరిగే రకం. పేరు ఒకటే కావడంతో ఈ తేడా చాలామందికి తెలియలేదు. ఆ మర్నాడే న్యూయార్క్ టైమ్స్ వ్యాసకర్త జో నోసెరా తన వ్యాసంలో, జాబ్స్ స్వయంగా తనకు ఫోన్ చేశారనీ, వివరాలు ప్రచురించరాదన్న షరతు మీద తన ఆరోగ్య స్థితిని చెప్పారనీ వెల్లడించారు. సమస్య మామూలు ఇన్ఫెక్షన్ కన్నా పెద్దదే అయినా ప్రాణాంతకం కాదన్నది ఆయన రాసిన సారాంశం. అంటే వాటాదారులకు చెప్పని సంగతి ఒక పాత్రికేయుడి చెవికి మాత్రం చేరింది. నాకు ఈ ఘట్టం మొత్తం ఉదంతంలో అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది.

ఆ తరువాత పుకార్లదే రాజ్యం. ఆగస్టు 27న బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ ముందే రాసి పెట్టుకున్న ఆయన సంస్మరణ వ్యాసాన్ని పొరపాటున విడుదల చేసి, వెంటనే వెనక్కి తీసుకుంది. సెప్టెంబరు 9న జాబ్స్ తన మరణవార్తను అతిశయోక్తిగా కొట్టిపారేసే వాక్యాన్ని వేదిక మీది తెరపై చూపించారు, సభ నవ్వింది. అక్టోబరు 3న ఆయనకు గుండెపోటు వచ్చిందన్న తప్పుడు వార్త వ్యాపించి షేరు కాసేపట్లోనే బాగా పడిపోయింది, ఖండన రాగానే కొంత కోలుకుంది. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ దీనిపై విచారణ జరిపింది. ఆ నెలల్లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉందనీ, పతనాలన్నిటినీ ఒక మనిషి ఆరోగ్యానికి ముడిపెట్టలేమనీ గుర్తుంచుకోవాలి. కానీ అక్టోబరు 3 నాటి కుదుపుకు పుకారే కారణమన్నది స్పష్టం.

2009 జనవరి 5న తనకు హార్మోన్ల సమతుల్యం దెబ్బతిన్నదనీ, చికిత్స తేలికేననీ, పదవిలో కొనసాగుతాననీ జాబ్స్ బహిరంగ లేఖ రాశారు. ఆ రోజు షేరు సుమారు 4 శాతం పెరిగింది. తొమ్మిది రోజుల తరువాత, జనవరి 14న, సమస్య అనుకున్నదానికన్నా జటిలమనీ, జూన్ చివరి దాకా సెలవు తీసుకుంటున్నాననీ మరో లేఖ వచ్చింది. మొదటి లేఖ చూసి షేర్లు కొన్నవారు మోసపోయామని భావించడంలో ఆశ్చర్యం లేదు. 2004 శస్త్రచికిత్స సమయంలోనే క్యాన్సర్ కాలేయానికి పాకిన ఆనవాళ్లు వైద్యులకు కనిపించాయని, జాబ్స్ సహకారంతో వాల్టర్ ఐజాక్సన్ రాసి 2011లో వెలువరించిన జీవిత చరిత్ర చెబుతోంది.

4. కాలేయ మార్పిడి: ధనమా, వరుసా?

2009లో సెలవులో ఉండగా టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్ నగరంలోని ఆస్పత్రిలో జాబ్స్‌కు కాలేయ మార్పిడి జరిగింది. కాలిఫోర్నియా మనిషి అంత దూరం ఎందుకు వెళ్లారు? డబ్బుతో వరుసను దాటారా? జూన్‌లో వార్త బయటికి రాగానే ఈ ప్రశ్నలు చెలరేగాయి. అవయవం అందే సమయానికి ఆ రక్తవర్గం జాబితాలో అందరికన్నా విషమ స్థితిలో ఉన్న రోగి ఆయనేనని ఆస్పత్రి ఆయన అనుమతితో ప్రకటించింది. నిబంధన ఎక్కడా అతిక్రమించలేదు. కానీ అమెరికాలో ఒక రోగి ఒకటికన్నా ఎక్కువ ప్రాంతాల జాబితాల్లో పేరు నమోదు చేసుకోవచ్చు. పిలుపు రాగానే గంటల్లో అక్కడికి చేరగల స్తోమత ఉన్నవారికే ఆ వెసులుబాటు నిజంగా ఉపయోగపడుతుంది. జనాగ్రహం ఆయన మీదికి మళ్లినా, అది లేవనెత్తిన ప్రశ్న వ్యవస్థకు సంబంధించినది, న్యాయమైనది.

ఆ ప్రశ్నకు దక్కిన ఫలితం కూడా ఉంది. సెప్టెంబరు 9న తిరిగి వేదికెక్కిన జాబ్స్, ఇరవైల వయసులో కారు ప్రమాదంలో మరణించిన ఒకరి కాలేయంతో తాను బతికి ఉన్నానని చెప్పి, అందరూ అవయవదాతలు కావాలని కోరారు. 2010లో ఆయన మద్దతుతో కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది; డ్రైవింగ్ లైసెన్సుకు వచ్చే ప్రతి ఒక్కరినీ అవయవదానానికి ఇష్టమేనా అని అడిగి తీరాలన్నది అందులోని ఏర్పాటు. ఒక ప్రముఖుడి అనారోగ్యం ప్రజలకు చేయగలిగిన మేలు ఇది. జీవన్‌దాన్ పథకం ద్వారా అవయవాల కేటాయింపు జరుగుతున్న తెలుగు రాష్ట్రాల్లో ప్రముఖులు తమ చికిత్స గురించి ఇలా నోరు విప్పితే ఎన్ని కుటుంబాలకు ధైర్యం వస్తుందో ఆలోచించాలి.

5. స్పందన నిలకడ: 2011

2011 జనవరి 17న మూడోసారి సెలవు ప్రకటన వెలువడింది. ఈసారి జబ్బు పేరు లేదు, తిరిగొచ్చే తేదీ లేదు. అయినా అమెరికాలో మర్నాడు షేరు తగ్గింది సుమారు 2 శాతమే. రికార్డు లాభాలు అదే సమయంలో వెల్లడి కావడం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైనది, 2004లోనూ 2009లోనూ కంపెనీని నడిపి చూపిన కుక్ మూడోసారీ పగ్గాలు పట్టడం. ఫిబ్రవరిలో ఒక టాబ్లాయిడ్ వారపత్రిక జాబ్స్ ఫొటోలు వేసి, ఆయనను పరీక్షించని వైద్యులతో ఆయుష్షును వారాల్లో లెక్కగట్టించింది. ఇది వైద్య నీతికీ పాత్రికేయ నీతికీ కళంకం. మార్చి 2న జాబ్స్ స్వయంగా వచ్చి ఐప్యాడ్ 2ను చూపించినప్పుడు సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆగస్టు 24న ఆయన రాజీనామా చేశారు. కుక్ పదవి చేపట్టారు. మర్నాడు షేరు ఒక్క శాతం కూడా తగ్గలేదు. అక్టోబరు 5న, 56 ఏళ్ల వయసులో, జాబ్స్ కన్నుమూశారు. దేశదేశాల్లో యాపిల్ దుకాణాల ముందు పూలు, కొవ్వొత్తులు, ఒక ముక్క కొరికిన యాపిల్ పళ్లు పోగయ్యాయి. తమ జ్ఞాపకాలు రాసి కంపెనీకి పంపినవారు పది లక్షలు దాటారు. దుఃఖం గట్టుదాటింది గాని షేరు మార్కెట్లో కలవరం లేదు. అభిమానుల స్పందన, మదుపరుల స్పందన వేరువేరు మూలాల నుంచి పుడతాయనడానికి ఇంతకన్నా బలమైన నిదర్శనం అక్కర్లేదు.

6. ఇతర ఉదంతాలతో పోలిక

ఇంటెల్ అధిపతి ఆండ్రూ గ్రోవ్ తనకు వచ్చిన ప్రొస్టేట్ క్యాన్సర్ గురించి 1996లో ఫార్చ్యూన్‌లో స్వయంగా సవివరంగా రాశారు. చికిత్సా మార్గాలను తాను ఎలా బేరీజు వేశారో చెప్పి తోటి రోగులకు దారి చూపారు. జాబ్స్ ఆరోగ్యం వాటాదారులకు తెలియాల్సిన విషయమేనని 2009లో అన్న వారెన్ బఫెట్, 2012 ఏప్రిల్‌లో తనకు అదే క్యాన్సర్ తొలి దశలో ఉన్నట్టు తెలియగానే వాటాదారులకు లేఖ రాశారు. మాటకు కట్టుబడిన మనిషి ఆయన. మెక్‌డొనాల్డ్స్ అధిపతి జిమ్ కాంటలూపో 2004 ఏప్రిల్‌లో హఠాత్తుగా మరణించగా, గంటల వ్యవధిలోనే చార్లీ బెల్‌ను నియమించారు. అదే ఏడాది బెల్‌కు కూడా క్యాన్సర్ బయటపడింది. నవంబరులో ఆయన తప్పుకున్నారు, కంపెనీ తట్టుకుని నిలిచింది. వీటికి భిన్నమైనది ఫియట్ క్రైస్లర్ అధిపతి సెర్జియో మార్కియోనె ఉదంతం. 2018 జులై 21న ఆయన స్థానంలో మరొకరిని నియమించారు. నాలుగు రోజులకు ఆయన మరణించారు. ఏడాదికి పైగా ఆయన చికిత్స పొందుతున్నారని జ్యూరిక్ ఆస్పత్రి తెలిపింది. తమకు తెలియదని కంపెనీ చెప్పింది. అధిపతి తన బోర్డుకు కూడా చెప్పకపోతే ఎంత మంచి నిబంధన ఉన్నా పనిచేయదు.

7. చట్టం ఎక్కడ నిలిచింది?

అధిపతి జబ్బును వెల్లడించాలని అమెరికాలో ప్రత్యేక నిబంధన లేదు. వివేకవంతుడైన మదుపరి ముఖ్యమని భావించే సమాచారమేది అన్న సాధారణ కొలమానమే ఉంది. 1988లో బేసిక్ కంపెనీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఘటన జరిగే అవకాశాన్నీ దాని ప్రభావాన్నీ కలిపి తూచాలని చెప్పింది. జబ్బు విషయంలో ఈ తూకం ఎవరికి వారు వేసుకునేది కావడంతో దాటవేతకు చోటు దొరుకుతోంది.

భారతదేశం ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. 2023లో సెబీ తెచ్చిన సవరణ ప్రకారం, లిస్టయిన కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ గాని ముఖ్య కార్యనిర్వహణాధికారి గాని ఏ 90 రోజుల్లోనైనా 45 రోజులకు మించి విధులకు అందుబాటులో లేకపోతే, కారణంతో సహా స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలపాలి. హైదరాబాదు ఔషధ కంపెనీలకైనా విశాఖ పరిశ్రమలకైనా ఇది వర్తిస్తుంది. ఈ నిబంధన బలం అది అడిగిన ప్రశ్నలో ఉంది: మనిషికి ఏ జబ్బు అని కాక, పని సాగుతోందా అని అడుగుతుంది. కారణం కూడా చెప్పాలన్న భాగాన్ని మాత్రం ‘ఆరోగ్య కారణాలు’ అన్నంత వరకే పరిమితం చేయడం మానవీయమని నా అభిప్రాయం.

8. ముగింపు

ఈ ఉదంతం నుంచి మూడు నిర్ధారణలకు రావచ్చు. ఒకటి, జబ్బు పేరు చెప్పకపోవడం కంపెనీకి చేటు చేయలేదు; చెప్పీ చెప్పనట్టు చెప్పడమే చేటు చేసింది. రెండు, మదుపరుల భయం వారసుడు ఎవరో తెలియకపోవడంలో ఉంది. 2011లో పేరూ గడువూ లేని ప్రకటనను కూడా మార్కెట్ సహించడం దీనికి సాక్ష్యం. మూడు, జనం అడిగే ప్రశ్నలన్నీ చొరబాటు కావు; అవయవాల కేటాయింపులో సమానత్వం లాంటివి బాధ్యత గల పౌరులు అడగాల్సినవే.

కాబట్టి బోర్డులు ఆరోగ్య సంక్షోభం రాకముందే ఒక నియమం రాసుకోవాలి. అధిపతి పనిచేయలేని స్థితి వస్తే ఎవరు నడుపుతారు, ఏ నిర్ణయాలు ఎవరివి, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారు అన్న మూడు సంగతులు అందరికీ ఒకేసారి ప్రకటించాలి. అంతకుమించి ఏదైనా చెప్పాలా వద్దా అన్నది రోగి ఇష్టానికి వదలాలి. చెప్పిన ప్రతి మాటా మాత్రం నిజమై ఉండాలి. పత్రికలు ఆస్పత్రి గుమ్మం దగ్గర కెమెరాలు పెట్టే బదులు బోర్డును ఈ మూడు ప్రశ్నలే అడగాలి. అప్పుడు వాటాదారుకు తన హక్కు దక్కుతుంది, జబ్బుపడిన మనిషికి ప్రశాంతంగా చికిత్స చేయించుకునే అవకాశమూ దక్కుతుంది.