గోడ దాటిన పొగ: అపార్ట్‌మెంట్ నివాసంలో పరోక్ష ధూమపానం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ధూమపానం వల్ల తాగనివారికి కలిగే హాని గురించి శాస్త్రం 1981 నుంచి స్పష్టంగా మాట్లాడుతోంది. భారతీయ న్యాయవ్యవస్థ 1999 నుంచి దానిని జీవించే హక్కుతో ముడిపెట్టింది. అయినా ఒక ఫ్లాట్‌లోని పొగ పక్క ఫ్లాట్‌లోకి వెళ్లే సందర్భం మాత్రం చట్టానికీ, గణాంకాలకూ అందకుండానే ఉండిపోయింది. ఈ స్థితికి దారితీసిన చారిత్రక క్రమాన్ని నివాసరూపం, వైద్యపరిశోధన, న్యాయనిర్ణయాలు అనే మూడు కోణాల నుంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పరోక్ష ధూమపానం, అపార్ట్‌మెంట్, ప్రజాస్థలం, కోట్పా చట్టం, ఉమ్మడి ప్రదేశాలు, బాల్కనీ.

1. అరుగు మీది చుట్ట

తెలుగులో పొగాకు అనే మాటే దాని వాడుకను చెబుతుంది. పోర్చుగీసు వర్తకుల ద్వారా వచ్చిన ఈ ఆకుకు చాలా భారతీయ భాషలు విదేశీ పేరునే కాస్త మార్చుకొని పెట్టుకోగా, తెలుగు పొగను ముందుంచి కొత్త సమాసం కల్పించుకుంది. అయితే చుట్ట తాగడం, బీడీ తాగడం అన్నప్పుడు ఆ క్రియకు కర్త ఇష్టపడి తాగేవాడే. పక్కన కూర్చొని ఆ పొగను పీల్చవలసి వచ్చినవారి స్థితిని చెప్పడానికి వాడుకలో ప్రత్యేకమైన క్రియ లేదు. పరోక్ష ధూమపానం అనేది ఇటీవలి అనువాద పదం.

ఆ క్రియ అవసరం పడకపోవడానికి ఇంటి కట్టడం కూడా ఒక కారణం కావచ్చు. కోస్తా జిల్లాల మండువా లోగిలిలో నడిమి భాగం ఆకాశానికి తెరచి ఉంటుంది. వీధి అరుగు ఇంటికీ ఊరికీ మధ్య ప్రదేశం. చుట్ట సాధారణంగా ఆ అరుగు మీదనో, కళ్లంలోనో, చెరువు గట్టునో కాలేది. పొయ్యి పొగ ఇంట్లోని స్త్రీలను వేధించినంతగా చుట్ట పొగ వేధించలేదనడం అన్యాయం కాదు. ‘కన్యాశుల్కం’లో గిరీశం చేతి చుట్ట అతని వేషానికీ, నాగరిక భ్రమకూ గుర్తు. దానిపై వచ్చే ఆక్షేపణ నడవడికి సంబంధించినదే కాని గాలికి సంబంధించినది కాదు.

ఉత్తర కోస్తాలోని అడ్డపొగ దీనికి భిన్నమైన ఉదాహరణ. నిప్పున్న కొసను నోటి లోపల ఉంచుకొని చుట్ట తాగే ఈ అలవాటు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ప్రధానంగా స్త్రీలలో కనిపించింది. అంగిలి క్యాన్సర్‌కూ దీనికీ గల సంబంధంపై 1957లోనే వైద్యపత్రికలో వ్యాసం వెలువడింది. తెలుగునేల ధూమపాన పరిశోధనకు తొలి దినాల్లోనే ఆధారాలు అందించిందన్న మాట. అయితే ఆ పరిశోధన దృష్టి తాగేవారి నోటిపైనే నిలిచింది. పొగ చుట్టూ ఉన్నవారి ప్రస్తావన రావడానికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

నిజానికి ఆ ప్రస్తావన శాస్త్రానికి కొత్తదే కాని లోకానికి కొత్తది కాదు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ 1604లో పొగాకును నిందిస్తూ రాసిన కరపత్రంలో, భర్త పొగ తాగితే భార్య తానూ తాగి ఊపిరిని పాడుచేసుకోవాలి, లేదా ఎడతెగని దుర్గంధంలో బతకాలి అన్న భావం ఉంది. మొగలు చక్రవర్తి జహంగీర్ 1617లో పొగాకును నిషేధించినప్పుడు పక్కవారి మాట ఎత్తలేదు. ఆయన చింత తాగేవారి ఆరోగ్యం, స్వభావం గురించే.

2. భార్యల నుంచి పొరుగువారి దాకా

1981 జనవరిలో జపాన్ పరిశోధకుడు తకేషి హిరయామా బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనం ఈ చరిత్రలో మలుపు. పొగతాగని 91,540 మంది వివాహిత స్త్రీలను 14 ఏళ్లపాటు పరిశీలించి, రోజుకు 20 లేక అంతకన్న ఎక్కువ సిగరెట్లు కాల్చే భర్తలున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్లు ఆయన చూపారు. అదే ఏడాది ఏథెన్సు నుంచి త్రికోపౌలోస్ బృందం ఇదే దిశలో ఫలితాలు ప్రకటించింది. పొగాకు సంస్థలు హిరయామా గణాంకాలను బహిరంగంగా ఖండించాయి. వారి సలహాదారులే అంతర్గతంగా ఆ ఫలితాలను సరైనవిగా అంగీకరించినట్లు తరువాత బయటపడిన పత్రాలు తెలిపాయి.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. తొలి సాక్ష్యం కార్యాలయం నుంచో రైలు పెట్టె నుంచో రాలేదు, ఇంటి నుంచి వచ్చింది. పీడితురాలు భార్య. అయితే ఆ సాక్ష్యం ఆధారంగా రూపొందిన చట్టాలు ఇంటిని వదిలి కార్యాలయాన్నీ, రైలు పెట్టెనూ పట్టుకున్నాయి. ఇల్లు రుజువుకు పనికివచ్చింది, రక్షణకు మాత్రం కాదు.

1986లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక, 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వెలువరించిన సంపుటి పరోక్ష ధూమపానం క్యాన్సర్ కారకమని నిర్ధారించాయి. 2006 నాటి సర్జన్ జనరల్ నివేదిక మరొక అడుగు వేసి, ఈ పొగకు ప్రమాదం లేని మోతాదంటూ లేదనీ, గదులు వేరు చేసినా, గాలి మార్పిడి పెంచినా పూర్తి రక్షణ కలగదనీ తేల్చింది. అపార్ట్‌మెంట్ దృష్ట్యా ఈ రెండో వాక్యమే ముఖ్యమైనది.

సిగరెట్ పీల్చినప్పుడు లోపలికి వెళ్లే పొగ కన్న, పీల్పుకూ పీల్పుకూ మధ్య నిప్పుకొస నుంచి వెలువడే పొగ గదిలో ఎక్కువగా చేరుతుంది. బహుళ అంతస్తుల భవనంలో అది తలుపు కింది సందు, పైపులూ తీగలూ వెళ్లే కన్నాలు, మెట్ల దారి గుండా కదులుతుంది. హైదరాబాద్, విజయవాడ అపార్ట్‌మెంట్లలో స్నానాలగదులన్నీ ఒకే నిలువు డక్ట్‌లోకి తెరుచుకోవడం మామూలు. కింది అంతస్తు స్నానాలగదిలో కాల్చిన సిగరెట్ వాసన పై అంతస్తు వెంటిలేటర్ గుండా రావడానికి ఇదే మార్గం. వెచ్చని గాలి పైకి లేస్తుంది కనుక డక్ట్ పొగగొట్టంలా పనిచేస్తుంది.

ఇది వాసన మాత్రమేనా, ఒంటికి పట్టేదేనా అన్న ప్రశ్న సమంజసమే. 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం ఇంట్లో ఎవరూ పొగతాగని 5,000 మందికి పైగా పిల్లల రక్తంలో కోటినిన్‌ను పరిశీలించింది. కోటినిన్ అనేది నికోటిన్ శరీరంలో మారగా మిగిలే పదార్థం. విడి ఇళ్లలోని పిల్లల కన్న అపార్ట్‌మెంట్ పిల్లలలో అది 45 శాతం ఎక్కువగా ఉంది. పొరుగు పొగ ఒంట్లోకి చేరుతోందనడానికి ఇది బలమైన సూచన. కాని ఆ మోతాదు వల్ల ఎంతమందికి ఏ జబ్బు వస్తుందన్నది భర్త పొగ విషయంలో తేలినంత స్పష్టంగా తేలలేదు. రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడడం ఉద్యమానికి ఉపయోగపడవచ్చు, పరిశోధనకు కాదు.

3. ప్రజాస్థలం అనే గీత

భారతదేశంలో ఢిల్లీ 1996లో పొగతాగనివారి ఆరోగ్య రక్షణ పేరుతోనే చట్టం చేసింది. 1999 జూలై 12న కె. రామకృష్ణన్ కేసులో కేరళ హైకోర్టు బహిరంగ ధూమపానం రాజ్యాంగం 21వ అధికరణాన్ని ఉల్లంఘిస్తుందని తీర్పునిచ్చింది. కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా, భారత శిక్షాస్మృతిలోని 278వ సెక్షన్‌ను ఆశ్రయించడం ఆ తీర్పులోని విశేషం. వాతావరణాన్ని ఆరోగ్యానికి హానికరంగా చేయడాన్ని నేరంగా పరిగణించే ఆ సెక్షన్ 1860 నాటిది.

2001 నవంబర్ 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్లతో సహా ప్రజారవాణా వాహనాలలో ధూమపానాన్ని నిషేధించింది. ఆ ఉత్తర్వులోని తర్కం పరిశీలించదగినది. పొగతాగనివాడు ప్రజాస్థలాలకు వెళ్లక తప్పదు కనుక, అలా వెళ్లినందుకే అతడు జబ్బు పడడం అన్యాయమని న్యాయస్థానం భావించింది. అంటే ప్రమాదం బయట ఉంది, ఇల్లు ఆశ్రయం అన్న భావన దానికి పునాది. ఎదుటి ఫ్లాట్ తలుపు నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ ఆశ్రయం ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్న నాటి పిటిషన్‌లో లేదు.

2003లో వచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం, అంటే కోట్పా, 4వ సెక్షన్ ద్వారా ప్రజాస్థలాల్లో ధూమపానాన్ని దేశమంతటా నిషేధించింది. 2008 అక్టోబర్ 2న అమలైన నియమాలు కార్యస్థలాలనూ, షాపింగ్ మాల్స్‌నూ, సినిమా హాళ్లనూ కలుపుకున్నాయి. జరిమానా గరిష్ఠంగా 200 రూపాయలు. ప్రజలు ప్రవేశించే స్థలం, సాధారణ ప్రజలు సందర్శించే తావులు అన్న నిర్వచనంలో అపార్ట్‌మెంట్ పేరు లేదు. లిఫ్టు, మెట్లు, వరండా ప్రజాస్థలమేనని వాదించవచ్చు. పాలవాడు, పేపరు కుర్రవాడు, పార్సెల్ తెచ్చే మనిషి అందరూ అక్కడికి వస్తారు. ఫ్లాట్ లోపలి గదినీ, బాల్కనీనీ అలా వాదించడం కష్టం.

గణాంకాలలోనూ ఇదే ఖాళీ. ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం భారతదేశంలో ఇంట్లో పరోక్ష ధూమపానానికి గురయ్యే వయోజనులు 2009-10లో 52.3 శాతం ఉండగా, 2016-17 నాటికి 38.7 శాతానికి తగ్గారు. ఇది గణనీయమైన మార్పు. కాని సర్వే అడిగిన ప్రశ్న మీ ఇంటి లోపల ఎవరైనా పొగతాగుతారా అన్నదే. పక్కింటి పొగ ఈ లెక్కలోకి రాదు. పైగా ఈ తగ్గుదలలో కొంత భాగం పొగతాగేవాడు మానేయడం వల్ల కాక, హాలు నుంచి బాల్కనీకి చేరడం వల్ల కూడా కావచ్చు. భార్యాపిల్లల మాట మన్నించి అతడు తలుపు మూసి బయట నిలబడతాడు. సొంత ఇల్లు శుభ్రపడుతుంది, ఆ పొగ పై అంతస్తులో ఆరేసిన బట్టల మధ్యకు వెళుతుంది.

4. బాల్కనీ వ్యాజ్యాలు

ఈ బాల్కనీ మనిషికి జపాన్‌లో పేరుంది. 1980ల చివరలో వాడుకలోకి వచ్చిన హోతరు-జోకు అనే మాటకు మిణుగురుల తెగ అని అర్థం. రాత్రివేళ బహుళ అంతస్తుల భవనాల బాల్కనీలలో వెలిగే సిగరెట్ కొసలే ఆ మిణుగురులు. 2012 డిసెంబర్ 13న నగోయా జిల్లా న్యాయస్థానం, కింది ఫ్లాట్ బాల్కనీలో పొగతాగి పై ఇంటి స్త్రీని బాధించిన వ్యక్తి 50,000 యెన్‌లు చెల్లించాలని ఆదేశించింది. మొత్తం చిన్నదే. సొంత బాల్కనీలో చేసే పనైనా పొరుగువారికి ఓర్వరాని బాధ కలిగితే తప్పవుతుందన్న సూత్రం మాత్రం చిన్నది కాదు.

2015 జనవరిలో జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం మరొక దారి తొక్కింది. పొగతాగేవారి స్వేచ్ఛనూ, తాగనివారి హక్కునూ గుర్తించి, బాల్కనీ వాడకానికి వేళలు పంచుకోవచ్చునని చెప్పింది. వంతుల నీటి తగవులు తీర్చిన పల్లె పెద్దలకు ఈ తీర్పు వింతగా తోచదు. దక్షిణ కొరియా 2016 నుంచి సగానికి పైగా కుటుంబాలు ఒప్పుకుంటే నడవలు, మెట్లు, లిఫ్టులు, భూగర్భ పార్కింగును ధూమరహితంగా ప్రకటించే వీలు కల్పించింది. సింగపూర్‌లో ఉమ్మడి నడవల్లో నిషేధం 2013 నుంచి ఉన్నా, కిటికీలకూ బాల్కనీలకూ విస్తరించాలన్న ప్రతిపాదనను 2020లో ప్రభుత్వం అంగీకరించలేదు. ఇళ్లపై నిఘా పెట్టవలసి వస్తుందన్నది అది చూపిన అభ్యంతరాలలో ఒకటి.

గది లోపలికి వెళ్లిన చట్టం అమెరికాది. కాలిఫోర్నియాలోని బెల్మాంట్ పట్టణం 2007లో గోడలు పంచుకునే ఇళ్లలో ధూమపానాన్ని నిషేధించింది. సమాఖ్య గృహనిర్మాణ శాఖ నియమం 2018 జూలై నాటికి దాదాపు 9,40,000 ప్రభుత్వ గృహాలకు వర్తించింది. అది పేదల గృహాలకే వర్తించిందన్నది విస్మరించరాదు. సంపన్నుల సొంత ఫ్లాట్‌ను సమాఖ్య ప్రభుత్వం ముట్టుకోలేదు.

5. నియమావళి ఎవరికి?

తెలుగు రాష్ట్రాలలో అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యానికి 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఆధారం. ఫ్లాట్ సొంతం, మెట్లూ లిఫ్టూ ఉమ్మడి, ఉమ్మడి భాగంలో ప్రతి యజమానికీ అవిభక్త వాటా అన్నది దాని సారం. గోడలను పంచిన ఈ చట్టం గాలిని పంచలేదు. సంఘం నియమావళిలో ధూమపాన నిబంధన చేర్చుకోవడానికి అవకాశం ఉంది. ఆచరణలో ఆ నిబంధన ఎవరి మీద పనిచేస్తుందన్నదే చిక్కు. అద్దెకున్న బ్రహ్మచారులను ఇంటి యజమాని ద్వారా ఖాళీ చేయించడం సులభం. పార్కింగ్ మూలనున్న గదిలో కుటుంబంతో ఉండే వాచ్‌మన్‌ను బీడీ ఆర్పమనడం ఇంకా సులభం. సొంత ఫ్లాట్‌లోని యజమానికి నోటీసు ఇవ్వడానికి కార్యదర్శి వెనుకాడతాడు, రేపు నిర్వహణ రుసుము వసూలు చేయవలసింది ఆయన దగ్గరే. వాచ్‌మన్ గదిలోకి వచ్చే కార్ల పొగ సంగతి ఏ సమావేశపు మినిట్స్‌లోనూ చోటుచేసుకోవడం అరుదు.

ఇందులో రాజ్యం వైఖరి కూడా రెండు విధాలు. 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తున్న పొగాకు బోర్డు వాణిజ్య మంత్రిత్వ శాఖ కిందిది, కోట్పాను అమలు చేయించవలసింది ఆరోగ్య శాఖ. వర్జీనియా పొగాకుతో బతికిన గుంటూరు, ప్రకాశం రైతు కుటుంబాల పిల్లలలో కొందరు నేడు హైదరాబాద్ ఫ్లాట్లలో పొరుగు పొగపై ఫిర్యాదు చేసేవారే కావచ్చు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలకైతే ఇల్లే కార్యస్థలం, పొగాకు ధూళి వారి వంటగది దాకా వస్తుంది.

అపార్ట్‌మెంట్ నివాసి పోలీసు స్టేషన్‌కు వెళ్లినా అక్కడ ఎదురయ్యేది పాత వాక్యమే. 278వ సెక్షన్ శిక్షించేది ఇరుగుపొరుగున నివసించే సాధారణ జనుల ఆరోగ్యానికి గాలిని హానికరం చేసినవారిని. పై ఫ్లాట్‌లోని ఒక్క కుటుంబం సాధారణ జనులు అవుతుందా అన్నది వాదనకు లోబడిన విషయం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ 280గా మారింది. జరిమానా గరిష్ఠ పరిమితి 500 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. సాధారణ జనులు అన్న నిబంధన మాత్రం 1860లో ఉన్నట్లే ఉంది.